అత్త అరచేతిలో సినిమా

మొన్న మా ఇంట్లో టీవీకి గొంతు పోయింది. బొమ్మ శుభ్రంగా వస్తోంది, శబ్దం మాత్రం లేదు. సరిగ్గా ఆదివారం సాయంత్రం, సినిమా వచ్చే వేళ. మనవళ్లు ముగ్గురూ టీవీ నెత్తిన కొట్టారు, పక్కన కొట్టారు, చివరికి ఏడుపు లంకించుకున్నారు. "ఊరుకోండిరా, మాటలు లేకపోతే ఏం? నేను చెప్తా చూడండి" అని మంచం దిగి వాళ్ల మధ్య కూర్చున్నాను. ఆ సినిమాలో పిల్ల వాళ్లన్న మనసులో కుళ్లు ఉందని, ఆ డాక్టరు చెప్పేది అబద్ధమని, వాళ్లమ్మకు నిజం ముందే తెలుసని ఒక్కొక్కటే చెబుతూ పోయాను. అన్నీ నేను చెప్పినట్టే అయ్యాయి. పెద్ద మనవడు అనుమానంగా చూసి, "అవ్వా, ఈ సినిమా నువ్వు ముందే చూసినావు కదా?" అన్నాడు.

చూడలేదు. అలా చూడటం నాకు నేర్పిన మనిషి ఒకామె ఉండేది.

మాది పావగడ తాలూకాలో ఒక పల్లె. మైసూరు రాజుగారి కాలం. మా తాలూకాకు దాదాపు చుట్టూతా ఇంగ్లీషువాళ్ల సీమే. "ఏ దిక్కుకు నడిచినా మధ్యాన్నానికి రాజ్యం దాటిపోతాం" అని నాయన నవ్వేవాడు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. తాతల కాలంలో మావాళ్లకు గొర్రెలే ఆస్తి. నాయన చేతికి వచ్చేసరికి మంద చిన్నదై, శెనక్కాయల సేద్యం పెద్దదైంది. అందుకని మా ఇంట్లో ఎప్పుడూ రెండు వాసనలు కలిసి ఉండేవి: తడిసిన కంబళి వాసన, అప్పుడే పెరికిన శెనక్కాయల మట్టి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా పచ్చి శెనక్కాయలు ఉడుకుతుంటే నా కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి.

ఇంట్లో నాయన, అమ్మ, అవ్వ, నేను, అత్త. అవ్వ అంటే నాయనకు తల్లి, అత్త అంటే నాయనకు చెల్లెలు. ఆరేళ్ల వయసులో ఆమెకు పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం దిగింది కానీ చెవులు పోయాయి. అప్పటికి వచ్చిన నాలుగు మాటలూ మెల్లగా రాలిపోయాయి. పన్నెండేళ్లప్పుడు గొర్రెల వెంట పంపితే, వెనకనుంచి తోడేలు వచ్చి గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది. మందంతా అరిచినా ఆమెకు వినబడలేదు. ఆ రోజు నాయన ఆమె చేతిలో కర్ర లాక్కుని, "దీనికి చెవులే కాదు, మతి కూడా లేదు" అన్నాడట. ఆ మాట ఇంటికి అంటుకుపోయింది. ఆమెను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కడుపునిండా పెట్టారు. ఏదీ చెప్పలేదు, అంతే. పెళ్లి కుదిరినా, ఆవు ఈనినా, ఎవరైనా పోయినా మా మొహాలు చూసే ఆమె తెలుసుకోవాలి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆమెకు ఇరవై దాటి ఉంటాయి. రాత్రి ఆమె కంబళిలోనే నేను పడుకునేదాన్ని. మా ఇద్దరికీ సొంత సైగలు ఉండేవి. మీసం దువ్వితే నాయన. చెవి తమ్మె పట్టుకుంటే అవ్వ. ముందు పన్ను మీద వేలు పెడితే నేను, ఎందుకంటే నాకు అక్కడ పన్ను ఊడి ఉండేది. నాలుక కొస పట్టుకుని చెయ్యి విదిలిస్తే అబద్ధం. ఆ సైగ నాకోసమే ఎక్కువ వాడేది. గాదెలో విత్తనపు శెనక్కాయలు తిని ఎలుకల మీద నెట్టింది నేనే కదా.

ఆ ఏడు కాయలు పెరకడం అయ్యాక మా ఊరికి ఒక బండి వచ్చింది. బండికి రెండు పక్కలా రంగుల బొమ్మలు, మీద తప్పెట కొట్టేవాడు. పావగడలో డేరా వేశారని, బయస్కోపు ఆడుతుందని కేకలేసి గులాబీ రంగు కాగితాలు విసిరి పోయాడు. ఆ కాగితం నేను రాగిముద్ద తినేటప్పుడు కూడా ఎడమ చేతిలో పట్టుకునే ఉన్నాను. నాయన చూశాడు.

"గుడ్డ మీద నీడలు చూసేదానికి బండి కట్టాల్నా? కొంపలు ముంచే యవ్వారం. ఎవురూ పోయేది లేదు."

అవ్వ ముద్దలో గుంట చేసి ఊరిబిండి పచ్చడి పెట్టుకుంటూ, "పావగడ సంతకు పోవాల. ఉప్పు అయిపోయినాది" అంది. ఉప్పు కుండ నిండుగా ఉందని నాకు తెలుసు. నేను నోరు తెరవబోతే కాలితో తొక్కింది.

సంత రోజున అవ్వ, నేను తయారయ్యాం. అత్తనూ రమ్మని అవ్వ సైగ చేసింది. "దాన్నెందుకు, దానికేం తెలుస్తాది?" అని అమ్మ అడిగితే, "మూట ఎవురు మోస్తారే, నువ్వా?" అంది అవ్వ. అలా మూట మోయడానికి వచ్చింది మా అత్త బయస్కోపుకి. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ వస్తుంది, సిగ్గూ వస్తుంది.

పావగడలో మా పెద్దమ్మ ఇల్లు ఉండేది. ఆ రాత్రికి అక్కడే ఉంటామని ఇంటికి కబురు పంపి, పొద్దుగూకగానే డేరాకు పోయాం. కొండ మీద కోట గోడలకు ఇంకా కాస్త ఎరుపు ఉంది. డేరాలో నేల మీద ఇసుక పోశారు. ఆడవాళ్లకు ఒక పక్క, మధ్యలో గుడ్డ కట్టారు. ఎవరి ఒళ్లో వాళ్లకు వేయించిన శెనక్కాయలు. తెర పక్కన కర్ర పట్టుకుని కథ చెప్పే ఆయన, ఒక హార్మోనియం, ఒక తబలా. అప్పటికి మాట్లాడే బొమ్మలు లేవు. ఏం జరుగుతోందో ఆయనే చెప్పాలి. మైసూరు రాజ్యం కాబట్టి ముందు కన్నడంలో, వచ్చినవాళ్లు మేము కాబట్టి తర్వాత తెలుగులో.

దీపాలు ఆరాయి. అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. తెర మీద గుర్రం దిగి ఒక రాజు నడిచి వచ్చాడు. ఆ పట్టు మెల్లగా వదులైంది. నేను తిరిగి చూశాను. ఆమె రెప్ప వేయడం లేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. దాహంతో వచ్చిన మనిషి దోసిలి పట్టినట్టు కూర్చుంది.

కథలో ఒక రాజు, ఆయన కూతురు, ఒక మంత్రి. "ఈ మంత్రి రాజుకు ప్రాణమిచ్చేవాడు" అని కథ చెప్పే ఆయన అన్నాడు. అప్పుడే అత్త నా తొడ మీద గిల్లి, నాలుక కొస పట్టుకుని చెయ్యి విదిలించింది. అబద్ధం. నేను పట్టించుకోలేదు.

సగం ఆట అయ్యాక ఎక్కడో రీళ్లు తారుమారయ్యాయి. చెరసాలలో వేసిన మంత్రి మరుక్షణం రాజు పక్కన కూర్చుని తాంబూలం వేసుకుంటున్నాడు. చచ్చిన గుర్రం పరుగెత్తుతోంది. కథ చెప్పే ఆయన కర్ర ఎత్తి చూపించి, "ఇది మంత్రిగారి కల" అన్నాడు. ఇంకో రీలుకు, "ఇది కూడా మంత్రిగారి కలే" అన్నాడు. మూడోసారికి మగవాళ్ల వైపునుంచి ఎవరో కేక పెట్టారు.

"ఎన్ని కలలప్పా మీ మంత్రికి! ఎవురన్నా నిద్ర లేపండప్పా!"

డేరా అంతా ఘొల్లుమంది. ఆట అయిపోయింది కానీ ఏం జరిగిందో ఎవరికీ తెలియలేదు. మూట మోస్తూ వెనక నడుస్తున్న అత్తను ఎవరూ అడగలేదు.

మరునాడు ఇంటికి వచ్చాక, నాయన చేనికి పోయాడని చూసుకుని, వాకిట్లో శెనక్కాయలు వలుస్తూ ఆ కథ చెప్పుకోవడం మొదలుపెట్టాం. అవ్వ ఒకటి చెబితే నేను ఒకటి చెప్పాను. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇద్దరు వచ్చి చేరారు. రాజు ముందు చచ్చినాడా, కూతురు ముందు పారిపోయిందా? తేలలేదు.

అత్త నా భుజం తట్టింది. చేతిలోని నాలుగు కాయలు నేల మీద వరసగా పెట్టింది. ఒకదాన్ని చూపించి తల మీద కిరీటం సైగ చేసింది. రెండోది తీసి మొదటిదాని ముందుకు జరిపింది. మేము చూసిన ముక్కలు ఏది ముందో ఏది వెనకో అలా సర్దింది. తర్వాత లేచి కొంగు నడుముకు చుట్టుకుంది.

ముందు రాజు అయింది. మా అత్త నడక పోయింది, బొజ్జ ఉన్న ముసలి రాజు నడక వచ్చింది. తర్వాత మంత్రి. వంగి కుడిచేత్తో సలాము చేసింది, మొహం నిండా నవ్వింది. అదే వేళకు వీపు వెనక దాచిన ఎడమ చెయ్యి ఒక పువ్వును నలుపుతోంది. నేను ఆ పువ్వును తెర మీద చూడనే లేదు. అవ్వా చూడలేదు. కథ చెప్పే ఆయన కూడా చూడలేదు. "అదా సంగతి!" అని పక్కింటామె తొడ చరుచుకుంది.

అప్పుడే వాకిలి దగ్గర నాయన నిలబడి ఉండటం చూశాను. చేతిలో గుంటక తాడు. మేమంతా బిగుసుకుపోయాం. అత్త వెనుదిరిగి ఉంది, ఆమెకు వినబడదు. రాజకుమారి చీకట్లో గోడ పట్టుకుని తడుముకుంటూ నడుస్తోంది, వెనక ఎవరో వస్తున్నారని ఆమెకు తెలియదు. నాయన ఇంకో అడుగు లోపలికి వేశాడు. ఇప్పుడు అరుస్తాడనుకున్నాను.

"ఆ మంత్రి ఏమైనాడు?" అన్నాడు.

అవ్వ తల ఎత్తకుండానే, "నన్నెందుకు అడుగుతావు? చెప్తాండేది అది. దాన్నే అడుగు" అంది.

నాయన నిలబడిపోయాడు. ఎలా అడగాలో ఆయనకు తెలియదు. ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉండి, తిన్నావా, పో, రా అనే మూడు సైగలు తప్ప ఆయనకేమీ రావు. నేను లేచి పోయి చూపించాను. వీపు వెనక చెయ్యి నలిపితే మంత్రి. అరచెయ్యి పైకి తిప్పితే ఏమైంది అని. నాయన తాడు కింద పడేసి, మట్టి కొట్టుకున్న ఆ పెద్ద చేతులతో అలాగే చేశాడు. అత్త వెనక్కి తిరిగి అన్నను చూసింది. ముందు బెదిరింది. తర్వాత ఆ చేతుల వంకర చూసి పకపకా నవ్వింది. ఆమె నవ్వుకు శబ్దం ఉండేది, ఎండిన కాయలు గలగలలాడినట్టు. ఆ నవ్వు నాయన ఎన్నాళ్లకు విన్నాడో. గుమ్మంలో కూలబడి కూర్చున్నాడు. ఆమె కథ మళ్లీ మొదటినుంచీ ఆడింది.

"మతి లేదనుకుంటిమి కదరా" అని అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మతి లేంది దానికి కాదురా, మనకి."

నాయన మరునాడు పొద్దున చేనికి పోతూ అత్త ముందు ఆగి, ఆకాశం వైపు చెయ్యి చూపించి అరచెయ్యి తిప్పాడు. వాన వస్తుందా అని. అత్త చాలాసేపు మబ్బులు చూసి, రాదని తల అడ్డంగా ఊపింది. "రాదంట" అని నాయన మాకు చెప్పి, ఎవరో జ్యోతిష్కుడిని అడిగి వచ్చినవాడిలా పోయాడు. ఆ సాయంత్రం కుండపోతగా కురిసింది. కళ్లంలో కాయలు తడిసిపోయాయి. నాయన మళ్లీ మరునాడు పొద్దున కూడా అడిగాడు.

తర్వాత మూడేళ్లు డేరా వచ్చినప్పుడల్లా నాయనే బండి కట్టేవాడు. అత్త కథ ఆడే రోజు మా వాకిలి నిండిపోయేది. ఊళ్లో ముసలమ్మలు కూడా ముద్ద గిన్నెలు పట్టుకుని వచ్చి కూర్చునేవాళ్లు. ఆమెకు సందులో ఎదురైనవాళ్లంతా వీపు వెనక చెయ్యి నలిపి నవ్వేవాళ్లు. అంతవరకూ ఆమెను పలకరించే పద్ధతే ఊరికి లేదు. అది దొరికింది.

నాలుగో ఏడు మాట్లాడే బొమ్మలు వచ్చాయి.

"బొమ్మలు పాటలు పాడతాయంటప్పా!" అని ఊరు ఊరంతా కదిలింది. అందరికంటే ముందు తయారైంది అత్తే. చిలకపచ్చ చీర కట్టుకుంది. డేరా బయట ఆయిల్ ఇంజను దడదడలాడుతోంది. లోపల ఆ రోజు కథ చెప్పే ఆయన లేడు, హార్మోనియం లేదు. తెర మీద ఒకామె వచ్చి నిలబడి పాడింది. ఆ పాట నా ఒళ్లంతా పాకింది. అంతకుముందు అలాంటిది వినలేదు. ఇంకో పాట, ఇంకో పాట. అందరూ నిలబడే పాడారు, కూర్చునే మాట్లాడారు.

అత్త తెర వైపు కొంచెంసేపు చూసింది. తర్వాత మా వైపు చూసింది. జనం ఒక్కసారిగా నవ్వితే ఎందుకో అని వెతికింది, ఏడిస్తే ఎందుకో అని వెతికింది. మునుపు ఆ డేరాలో బొమ్మల మాటలు ఎవరికీ వినబడేవి కాదు, అందరూ ఆమెలాగే ఉండేవాళ్లు. ఇప్పుడు మేమంతా ఒకవైపు, ఆమె ఒక్కతే ఒకవైపు. కాసేపటికి లేచి బయటికి పోయింది. అవ్వ నన్ను పొడిచింది, వెంట పొమ్మని.

బయట బండి దగ్గర ఎద్దులకు గడ్డి వేస్తూ నిలబడి ఉంది. నన్ను చూసి పెదాలు ఊరికే ఆడించి, చేతులు ఖాళీగా చూపించింది. నోళ్లు కదులుతున్నాయి, ఏమీ లేదు అని. తర్వాత నన్ను లోపలికి పొమ్మంది.

నేను వెళ్లిపోయాను.

పాట మొదలైంది మరి. పదమూడేళ్ల పిల్లను. ఒక్క చూపు వెనక్కి చూసి డేరాలోకి పరుగెత్తాను. ఇన్నేళ్లయినా ఆ పరుగు నాకు గుర్తుంది.

మరునాడు వాకిట్లో అత్త నా ముందు కూర్చుని అరచెయ్యి తిప్పింది. ఏమైంది, చెప్పు అని. నేను పాడారు అన్నాను. మళ్లీ పాడారు. పెళ్లయింది. ఆమె కళ్లు తుడుచుకుంటున్నట్టు చేసి అడిగింది: జనం కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చారు కదా, ఎందుకు? నేను ఏదో కల్పించాను. నాలుక కొస పట్టుకుని చెయ్యి విదిలించి లేచిపోయింది. నిజానికి నాకు పాటలు తప్ప ఏమీ గుర్తులేదు. మనుషుల్ని నేను చూడనేలేదు.

అవ్వ తిట్టలేదు. "మూడేండ్లు అది నీకు కథలు చెప్పె. నువ్వు దానికి ఒక్కటి చెప్పలేకపోతివా పాపా?" అంది. దానికి నేను ఏడ్చిన ఏడుపు విని నాయన, "బండి కడతా, మళ్లీ పోండి" అన్నాడు.

ఈసారి అత్త రానంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, అరచేతిలో వేలితో చేసి చూపించాను. ఒకసారి నొక్కితే నాయకుడు. రెండుసార్లైతే నాయిక. గోరుతో గీరితే చెడ్డవాడు. వేళ్లన్నీ మూసేస్తే చావు. పాట వస్తే దాని దరువు వేలితో కొడతాను. అత్త నా వేలినే చూస్తూ కూర్చుంది. చివరికి చిలకపచ్చ చీర తీసింది.

డేరాలో ఆమె అరచెయ్యి నా ఒళ్లో పెట్టుకున్నాను. మోటు పనులకు కాయలు కాసిన చెయ్యి. విన్న ప్రతి మాటనూ ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ వేలు ఆడించాను. వెనక కూర్చున్న ఒకామె విసుక్కుంది.

"ఏందమ్మే ఆ గీకుడు? కుదురుగా కూచోలేరా?"

"నీకు చెవుల్లో పడతాండాది, దానికి చేతిలో పడతాండాది. నువ్వు ముందర చూడమ్మా" అంది అవ్వ.

సగంలో అత్త నా చెయ్యి తిప్పి గోరుతో గీరింది. తెర మీద తియ్యగా మాట్లాడుతున్న మేనమామను చూపించింది. ఆ మాటలు నేను వింటూనే ఉన్నాను, ఎంత ప్రేమో అనుకుంటూనే ఉన్నాను. చివరికి ఆస్తి కాగితాలు కాజేసింది ఆ మేనమామే. మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ మోసం ఏమిటో కూడా అర్థం కాలేదు. రెండోసారి మా ఇద్దరికీ కలిపి మొత్తం అర్థమైంది.

అప్పటినుంచీ నేను ఇద్దరి కోసం సినిమా చూసేదాన్ని. ఎవరి మొహం ఎప్పుడు మారింది, ఎవరు ఎవరిని చూడకుండా తల తిప్పుకున్నారు, పక్కన ఊరికే నిలబడ్డ ముసలామె ఏం చేస్తోంది, ఏదీ వదలకూడదు. అత్త అడుగుతుంది. తర్వాత జీవితంలో ఎన్నో ఊళ్లలో, ఎన్నో హాళ్లలో సినిమాలు చూశాను. మంచివీ చెడ్డవీ అన్నీ ఇష్టంగానే చూశాను. ఆ ఇష్టం నాకు మా ఇల్లు పెట్టింది. ఉప్పు అయిపోయిందని అబద్ధమాడిన అవ్వ, ముందు వద్దని, తర్వాత తనే బండి కట్టిన నాయన, నన్ను నమ్మి చెయ్యి ఇచ్చిన అత్త. వాళ్లకు నేను ఎన్నడూ థ్యాంక్సు చెప్పలేదు. మా ఇళ్లల్లో చెప్పే అలవాటు లేదు.

నాకు సరిహద్దు అవతల, ఇంగ్లీషు సీమలోని ఒక ఊరికి పెళ్లయింది. ఏడాదికోసారి, డేరా వేసే కాలానికి పుట్టింటికి వచ్చేదాన్ని. అవ్వ పోయింది. నాయన మీసం నెరిసింది. ఆయన సైగలు మాత్రం చాలా బాగుపడ్డాయి, అన్నా చెల్లెళ్లిద్దరూ రచ్చకట్ట దగ్గరే నిలబడి చేతులతో పోట్లాడుకునేంత. రాజుగారి పాలన ఇంకా ఉంది, ఇంకెన్నాళ్లో ఉండదని బడి పంతులు అంటుండేవాడు. అప్పటికి నా కూతురికి ఆరేళ్లు.

ఆ ఏడు డేరాకు ముగ్గురం పోయాం. అత్త మధ్యలో, నేను ఈ పక్క, నా కూతురు ఆ పక్క. ఎప్పట్లాగే ఆమె కుడి చెయ్యి నా ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టాను. మూడో పాటకో నాలుగో పాటకో అత్త తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. ఏమైందా అని వంగి చూశాను.

ఆమె ఎడమ చెయ్యి నా కూతురి ఒళ్లో ఉంది. ఆ పిల్ల నాలుక బయట పెట్టుకుని, తెర చూస్తూ, చిన్న వేలితో అరచేతిలో దరువు కొడుతోంది. నేను ఎన్నడూ నేర్పలేదు. పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నట్టుంది. తప్పులు కొడుతోంది. అత్త దిద్దడం లేదు. తల ఊపుతోంది.

నా చేతులు నా ఒళ్లో ఖాళీగా ఉన్నాయి. ఇన్నేళ్లకు నా ఒక్కదాని కోసం సినిమా చూసే రోజు వచ్చింది.

ఏం సినిమానో మాత్రం అడగకండి. అది అయిపోయేవరకూ నేను వాళ్లిద్దరినే చూస్తూ కూర్చున్నాను.